రంగు వచ్చింది, వైరస్ ఆగలేదు: పందుల టీకాను ఎలుకల్లో పరీక్షించిన నా అనుభవం

ఎలైజా అంటే, సీరంలో యాంటీబాడీలు ఉన్నాయో లేదో రంగుతో చూపించే పరీక్ష; సీరమంటే రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం. ఆ పరీక్ష చేసే ప్లేటులో 96 గుంటలుంటాయి. ఆ రోజు నా ప్లేటులో, టీకా వేసిన ఎలుకల సీరం పోసిన గుంటలన్నీ ముదురు పసుపు రంగుకు తిరిగాయి. సీరాన్ని సగానికి, మళ్ళీ సగానికి పలుచన చేసుకుంటూ పోయినా చివరి గుంటల దాకా రంగు నిలిచింది. ఉప్పునీరు మాత్రమే ఎక్కించిన ఎలుకల వరుసలో రంగన్నదే లేదు. రెండేళ్ళ శ్రమ ఫలించిందని ఆ ప్లేటును చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. వారం తిరగకముందే అదే సీరాన్ని బతికున్న వైరస్‌తో కలిపి కణాల మీద పోసి చూశాను. వైరస్ ఆగలేదు. టీకా వేయని ఎలుక సీరం ఎంత ఆపిందో, వేసిన ఎలుక సీరమూ దాదాపు అంతే ఆపింది.

ఆ రెండు ప్లేట్లలో ఏది నిజం చెబుతోందో, మరొకటి ఎందుకు అబద్ధమాడిందో తేల్చుకోవడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. ఈ రంగంలో కొత్తగా అడుగుపెట్టేవాళ్ళకు ఆ ఏడాది గురించి చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

ముందు వైరస్ సంగతి. దాని పేరు పోర్సైన్ సర్కోవైరస్ టైప్ 2. జంతువులకు సోకే వైరస్‌లలో అతి చిన్నవాటిలో ఇదొకటి, వ్యాసం 17 నానోమీటర్లు. లోపల ఉండేది ఒంటిపోగు డీఎన్ఏ వలయం, దాని నిడివి 1,767 లేదా 1,768 న్యూక్లియోటైడ్లు. దీని దాయాది, ఇప్పుడు టైప్ 1 అని పిలిచేది, పంది మూత్రపిండం నుంచి తీసిన పీకే-15 అనే కణాలలో ఎవరూ గమనించకుండా కాపురముంటోందని 1974లో తెలిసింది. అది పందులకు జబ్బు చేయదు. 1991లో కెనడాలో, పాలు మానిన పంది పిల్లలు కారణం తెలియకుండా చిక్కిపోవడం చూశారు. వాటి చర్మం పాలిపోతుంది, ఊపిరి కష్టమవుతుంది, శోషరస గ్రంథులు ఉబ్బిపోతాయి, తిన్నది ఒంటికి పట్టదు. ఆ జబ్బు వెనుక ఉన్నది టైప్ 2 అని ఆ దశాబ్దం చివరికి తేలింది. ఈ వైరస్ రోగనిరోధక వ్యవస్థనే దెబ్బ తీస్తుంది కాబట్టి దాని వెంట మిగతా జబ్బులూ వరుస కడతాయి. మంద పెంచే మనిషి కళ్ళముందే మేత తింటున్న పిల్లలు ఎముకల గూళ్ళవుతాయి.

దీనికి టీకాలు ఇప్పటికే ఉన్నాయి. 2006 ప్రాంతం నుంచి మార్కెట్లోకి వచ్చినవాటిలో ముఖ్యమైనవి కీటకాల కణాలలో, బాక్యులోవైరస్ అనే కీటకాల వైరస్ సాయంతో తయారుచేసిన క్యాప్సిడ్ ప్రోటీను టీకాలు. క్యాప్సిడ్ అంటే వైరస్ పైపెంకు. ఈ వైరస్ పెంకులో ఉన్నది ఒకే ఒక్క ప్రోటీను, దాని ప్రతులు 60 ఒకదానికొకటి కొలిచినట్టు అతుక్కుని గోళమవుతాయి. ఒక్కో ప్రతిలో 233 లేదా 234 అమైనో ఆమ్లాలు, బరువు సుమారు 28 కిలోడాల్టన్లు. లోపల డీఎన్ఏ లేని ఖాళీ పెంకును శరీరానికి చూపిస్తే చాలు, జబ్బు రాకుండానే వైరస్ రూపం గుర్తుంటుంది. అదే ప్రోటీనును కీటకాల కణాలకు బదులు ఈ కోలై (E. coli) అనే బ్యాక్టీరియాలో తయారుచేయగలిగితే పని వేగంగా, తక్కువ ఖర్చుతో అవుతుంది. నా పరిశోధన అదే.

చెప్పినంత తేలిక కాదు. ఆ ప్రోటీను మొదటి 41 అమైనో ఆమ్లాల భాగంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం కిక్కిరిసి ఉంటుంది. జన్యువులో ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల సంకేతాలను కోడాన్లంటారు. బ్యాక్టీరియా అరుదుగా వాడే కోడాన్లు అక్కడ వరుసగా వస్తాయి. అందుకే కోడాన్లను బ్యాక్టీరియా అలవాటుకు తగ్గట్టు మార్చి జన్యువును కృత్రిమంగా తయారుచేయించాను. దాన్ని ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయంలో పెట్టి, 37 డిగ్రీల వద్ద బ్యాక్టీరియాను పెంచి, ప్రోటీను తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ అనే రసాయనం వేశాను. ప్రోటీన్లను బరువును బట్టి వేరుచేసే జెల్ మీద 28 కిలోడాల్టన్ల దగ్గర లావుపాటి గీత కనబడింది. అయితే కణాలను పగలగొట్టి సెంట్రిఫ్యూజ్ తిప్పితే ప్రోటీనంతా అడుగున మడ్డిలోనే ఉంది. బ్యాక్టీరియా తొందరలో తయారుచేసిన ప్రోటీను సరిగా ముడుచుకోలేక ముద్దలు కట్టిందన్నమాట. ఆ ముద్దలను 8 మోలార్ యూరియాలో కరిగించాను. యూరియాలో ప్రోటీను ఆకారమంతా విప్పేసిన నూలుండ అవుతుంది. నికెల్ గుళికల మీద శుద్ధి చేసి, డయాలసిస్ సంచిలో వేసి, యూరియాను మెట్లు మెట్లుగా తగ్గిస్తూ పోయాను. విప్పిన నూలు మళ్ళీ తనంతట తాను ఉండగా చుట్టుకుంటుందని ఆశ.

కొంత తెల్లటి నలుసులుగా అడుగుకు దిగింది. పైన తేటగా మిగిలిన ద్రవాన్ని తీసుకుని జెల్ నడిపితే ఒకే గీత. ప్రోటీను ఉంది, శుభ్రంగా ఉంది అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నా తప్పు ఇక్కడే జరిగింది. ఆ జెల్ నడపడానికి ముందు ప్రోటీనును డిటర్జెంట్‌లో మరగబెడతాం. గోళమైనా, నలిగిన ఉండైనా, అన్నీ విడిపోయి ఒకే గీతగా పరిగెత్తుతాయి. పెంకు కట్టిందా లేదా అన్న ప్రశ్నకు ఆ జెల్ దగ్గర జవాబు ఉండదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఒక్కసారి చూసి ఉంటే ఒక్క పూటలో తెలిసేది. ఆ యంత్రం దగ్గర వరుస పొడుగ్గా ఉందని, తర్వాత చూద్దాంలే అని ఎలుకల దగ్గరికి వెళ్ళిపోయాను.

ఎలుకల మీద ఏ పని చేయాలన్నా జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతి కావాలి. 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఆంగ్లేయ శాస్త్రవేత్తలు చెప్పిన మూడు సూత్రాల మీదే ఆ దరఖాస్తు నిలబడుతుంది: జంతువు లేకుండా చేయగలిగితే అలా చేయాలి, తప్పకపోతే సంఖ్య తగ్గించాలి, బాధ తగ్గించాలి. ఆ ఫారాన్ని నేను మొదటిసారి ఒక లాంఛనంలాగే నింపాను. ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని, ఎంత రక్తం, చివరికి ఎలా ప్రాణం తీస్తారు, మధ్యలో ఏ లక్షణం కనబడితే ప్రయోగం ఆపేస్తారు అని అడుగుతుంది అది. ఒక్కో గుంపుకు ఆరు, మొత్తం మూడు గుంపులు అని రాశాను. ఆ పద్దెనిమిది అనే అంకె వెనుక ఎలాంటి లెక్కా లేదు. పాత పరిశోధన పత్రాలలో చాలామంది ఆరు అన్నారు కాబట్టి నేనూ ఆరు అన్నాను.

ఆరు వారాల వయసున్న బాల్బ్-సీ అనే జాతి ఆడ ఎలుకలు వచ్చాయి. మంచులాంటి తెలుపు, ఎర్రటి కళ్ళు, ఒక్కోటి ఇరవై గ్రాములకు అటూ ఇటూ. ప్రయాణం బెదురు తీరడానికి వారం రోజులు వాటిని ముట్టుకోకూడదు. జంతుశాల చూసుకునే పెద్దాయన ఆ వారంలో నాకు చాలా నేర్పారు. తొలిరోజు నేను ఒకదాన్ని తోక పట్టి ఎత్తుతుంటే ఆయన గబగబా వచ్చి ఆపారు.

"తోక పట్టుకోకండమ్మా. ఆ గొట్టం దాని ముందు పెట్టండి, అదే ఎక్కుతుంది."

"అది ఎక్కేదాకా ఆగాలంటే ఆలస్యమవుతుంది కదండీ" అన్నాను.

"రెండు రోజులు ఆలస్యమవుతుంది. మూడో రోజు నుంచి అదే మీ దగ్గరికి వస్తుంది."

అలాగే జరిగింది. తోక పట్టి ఎత్తిన ఎలుకల కంటే గొట్టంతోనో, దోసిలితోనో ఎత్తిన ఎలుకల్లో బెదురు తక్కువని 2010లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించారని తర్వాత చదివాను. బెదిరిన ఎలుక ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, అవి రోగనిరోధక స్పందనను అణచివేస్తాయి. నేను కొలవబోతున్నది ఆ స్పందననే. దయ చూపడం, సరిగ్గా కొలవడం అక్కడ ఒకే పని అయ్యాయి.

మొదటి రోజు మొదటి సూది, ఇరవై ఒకటో రోజు రెండోది. నూనెలో కలిపి చిలికిన టీకా మందు చిక్కగా ఉంటుంది, చర్మం కింద వంద మైక్రోలీటర్లు నెమ్మదిగా ఎక్కించాలి. సూదిని వెంటనే లాగేస్తే మందు రంధ్రం లోంచి వెనక్కి కారుతుంది. రక్తం తీసే ముందు లెక్క వేసుకోవాలి. ఎలుక ఒంట్లో గ్రాము బరువుకు 70 నుంచి 80 మైక్రోలీటర్ల రక్తం ఉంటుంది. అంటే ఇరవై గ్రాముల ఎలుకలో మొత్తం ఒకటిన్నర మిల్లీలీటర్లు. అందులో పదోవంతుకు మించి ఒక్కసారి తీయకూడదు, మళ్ళీ తీయడానికి రెండు వారాలు ఆగాలి. సీరంగా మిగిలేది అందులో సగమే. ఆ నాలుగు చుక్కలను ఏ పరీక్షకు ఎంత వాడాలో ముందే కాగితం మీద పంచుకోకపోతే అసలు పరీక్ష దగ్గరికి వచ్చేసరికి గొట్టం ఖాళీ.

ఆ సీరంతోనే మొదట చెప్పిన ఎలైజా చేశాను. తర్వాత తటస్థీకరణ పరీక్ష, అంటే సీరం వైరస్‌ను ఆపుతుందా లేదా చూసేది. దాని పద్ధతి చెబితే గానీ రెండింటి తేడా అర్థం కాదు. సీరాన్ని 56 డిగ్రీల వద్ద అరగంట ఉంచి, పలుచనలు చేసి, తెలిసిన మోతాదు వైరస్‌తో గంటసేపు కలిపి ఉంచుతాం. ఆ మిశ్రమాన్ని పీకే-15 కణాల మీద పోస్తాం. పాత దాయాది కాపురం లేని కణాలే కావాలి, ముందే పరీక్షించుకోవాలి. కణాలు గుంట అంతా నిండకముందే పోయాలి, ఎందుకంటే ఈ వైరస్‌కు డీఎన్ఏను రాసుకునే సొంత పనిముట్టు లేదు. కణం విభజనకు సిద్ధమై తన డీఎన్ఏను రాసుకునేటప్పుడు ఆ పనిముట్టునే వాడుకుంటుంది. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది మరొకటి ఉంది: ఈ వైరస్ సోకిన కణాలు చావవు. 72 గంటల తర్వాత చూస్తే సోకిన గుంట, సోకని గుంట ఒకలాగే కళకళలాడుతుంటాయి. కణాలను స్థిరపరచి, వైరస్ ప్రోటీనును పట్టే యాంటీబాడీతో రంగు వేస్తేనే సోకిన కణాల కేంద్రకాలు గోధుమరంగులో బయటపడతాయి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి.

లెక్కపెట్టాను. టీకా గుంపు, ఉప్పునీటి గుంపు పక్కపక్కనే పెట్టి చూస్తే తేడా చెప్పుకోదగ్గది కాదు. మళ్ళీ చేశాను. అదే ఫలితం.

మా మార్గదర్శి దగ్గరికి రెండు ప్లేట్ల ఫొటోలూ పట్టుకెళ్ళాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి ఒకే ప్రశ్న అడిగారు.

"ఎలైజా ప్లేటు అడుగున ఏ ప్రోటీను పూశావమ్మా?"

"నేను తయారుచేసిందే మేడమ్."

"ఎలుకలకు ఎక్కించింది?"

"అదే మేడమ్."

ఆ మాట నా నోటి నుంచి వస్తుండగానే విషయం నాకు అర్థమైంది. సరిగా చుట్టుకోని ప్రోటీనును ఎలుకలకు చూపించాను. అవి నిజాయితీగా ఆ నలిగిన రూపానికే యాంటీబాడీలు తయారుచేశాయి. అదే నలిగిన రూపాన్ని ప్లేటు అడుగున పూసి, పట్టుకుంటారా అని అడిగితే ఎందుకు పట్టుకోవు? వైరస్ అసలు రూపం ఆ ప్లేటులో ఎక్కడా లేదు. ఎలుకలు చేయాల్సిన పని చేశాయి, అడిగిన నా ప్రశ్నలోనే తప్పుంది. పద్దెనిమిది ప్రాణాలను ఆ ప్రశ్నకు ఖర్చుపెట్టానన్నది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

కొత్త ఎలుకల జోలికి పోకుండా ఫ్రీజర్‌లో మిగిలిన సీరంతోనే మూడు ప్లేట్లు చేశాను. మొదటిదాంట్లో శుద్ధి చేసిన అసలు వైరస్‌ను పూశాను. రంగు బాగా తగ్గిపోయింది. రెండోదాంట్లో మా జన్యువు లేని ఖాళీ ప్లాస్మిడ్ ఉన్న బ్యాక్టీరియా రసాన్ని పూశాను. అక్కడా రంగు వచ్చింది! అంటే నా శుభ్రమైన ఒకే గీత వెనుక, జెల్‌లో కనబడనంత తక్కువగా బ్యాక్టీరియా ప్రోటీన్లు ఉన్నాయి, ఎలుకలు వాటినీ గుర్తుపట్టాయి. మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. క్యాప్సిడ్‌లో 169 నుంచి 180 వరకు ఉన్న అమైనో ఆమ్లాల చిన్న ముక్కను విడిగా తయారుచేయించి పూశాను. ఆ గుంటలు చూస్తుండగానే రంగెక్కాయి.

ఆ ముక్కను ఎందుకు ఎంచుకున్నానంటే, అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2011, 2012లలో ప్రచురించిన పని చదివాను కాబట్టి. జబ్బు పడిన పందుల రక్తంలో ఆ ముక్కకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఎక్కువగా, టీకా వల్ల రక్షణ పొందిన పందుల్లో తక్కువగా ఉన్నాయని వాళ్ళు చూపించారు. పెంకు స్ఫటిక నిర్మాణం 2011లోనే వెలువడింది. అందులో చూస్తే, 60 ప్రతులు కలిసి గోళం కట్టినప్పుడు ఆ ముక్క చాలావరకు లోపలికి దాగిపోతుంది. విడిపోయిన ప్రోటీనులో మాత్రం బయటపడి ఉంటుంది. యాంటీబాడీలు దాని మీదికి ఎగబడతాయి, వైరస్ గోళంగా తిరుగుతున్నప్పుడు వాటికి అది దొరకదు. పరిశోధకులు దాన్ని ఎర అన్నారు. నా టీకా ఎలుకలకు ఆ ఎరనే చూపించింది.

రెండో ప్రోటీను తయారీకి ఎనిమిది నెలలు పట్టింది. ఈసారి క్యాప్సిడ్‌కు ముందు సుమో అనే చిన్న ప్రోటీనును తోకలా అతికించాను. పక్కన అది ఉంటే బ్యాక్టీరియాలో ముద్ద కట్టడం తగ్గుతుంది. ఉష్ణోగ్రత 37 నుంచి 16 డిగ్రీలకు దించి రాత్రంతా నెమ్మదిగా పెంచాను. రాశి తగ్గింది, కానీ ప్రోటీను మడ్డిలోకి పోకుండా తేటలోనే ఉంది. సుమోను దాని ఎంజైముతో కోసేసి, ఉప్పు ఎక్కువున్న ద్రావణంలో ఉంచాను. పరిమాణాన్ని బట్టి వేరుచేసే స్తంభంలోంచి పంపితే 28 కిలోడాల్టన్ల విడి ప్రోటీను రావాల్సిన చోటికి చాలా ముందే ఒక శిఖరం వచ్చింది. 60 ప్రతులు కలిస్తే బరువు పదహారు లక్షల డాల్టన్లు దాటుతుంది, అంత పెద్దవే అంత ముందుగా బయటికొస్తాయి. ఆ రోజు నోట్‌బుక్‌లో ఏమీ రాయలేదు. సూక్ష్మదర్శిని వరుసలో పేరు రాసుకుని పదకొండు రోజులు ఆగాను.

నమూనా మీద యురేనిల్ అసిటేట్ అనే రంగుమందు వేసిన చిన్న జల్లెడను లోపల పెట్టి, తెర మీద దృశ్యం తేటపడుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. బూడిదరంగు నేల మీద లేత గుండ్రాలు. కొలిస్తే 17 నుంచి 20 నానోమీటర్ల మధ్య. కొన్ని విరిగినవి, కొన్ని రెండేసి అతుక్కున్నవి, ఎక్కువ భాగం చక్కటి గోళాలు. డీఎన్ఏ లేని వైరస్ రూపాన్ని బ్యాక్టీరియా నా కోసం కట్టిపెట్టింది. ప్రయోగశాలలో నేను చూసిన అందమైన దృశ్యం అదే.

ఇంకొక అడ్డు మిగిలింది. ఈ కోలై గోడలోని ఎండోటాక్సిన్ అనే పదార్థం ఎలుక రోగనిరోధక వ్యవస్థను తనంతట తానే రెచ్చగొడుతుంది. మొదటి ప్రయోగంలో అంత గాఢమైన స్పందన రావడంలో దాని వాటా ఎంతో నేను ఇప్పటికీ చెప్పలేను, ఎందుకంటే అప్పుడు కొలవలేదు. ఈసారి ట్రైటన్ ఎక్స్-114 అనే డిటర్జెంట్‌తో దాన్ని వేరుచేసి, గుర్రపునాడా పీత రక్తకణాల సారంతో చేసే పరీక్షలో ఎంత మిగిలిందో చూసుకున్నాను.

నైతిక సంఘం ముందుకు రెండోసారి వెళ్ళడం మొదటిసారి లాంటిది కాదు. నాలుగు గుంపులు అడిగాను: పెంకు కట్టిన ప్రోటీను, ఎండోటాక్సిన్ తీసేసిన పాత యూరియా ప్రోటీను, ఖాళీ ప్లాస్మిడ్ బ్యాక్టీరియా నుంచి అదే పద్ధతిలో తీసిన రసం, మార్కెట్లో దొరికే టీకా. సంఘంలోని పశువైద్యుడు సూటిగా అడిగారు: "పని చేయదని తెలిసిన ప్రోటీనును మళ్ళీ ఎలుకలకు ఎందుకు ఎక్కించాలి?" వేర్వేరు ఏళ్ళలో, వేర్వేరు ఎలుకల్లో చేసిన రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి తేడా ఆకారం వల్లేనని చెప్పలేమని, ఒకే రోజు, ఒకే మోతాదులో, ఒకే చేతితో వేస్తేనే చెప్పగలమని జవాబిచ్చాను. ఎనిమిదేసి అడిగితే, పాత ఫలితాల్లోని హెచ్చుతగ్గులను బట్టి లెక్కవేయించి ఆరుకు తగ్గించారు. అది న్యాయమైన నిర్ణయం. ఆ లెక్క నేనే ముందు వేసుకోవాల్సింది.

ఏ ఎలుక ఏ గుంపో చీటీలు తీసి నిర్ణయించాం. ఒకే పంజరంలోని ఎలుకలన్నీ ఒకే గుంపు అయితే పంజరం ప్రభావమే టీకా ప్రభావంలా కనబడే ప్రమాదముంది కాబట్టి ప్రతి పంజరంలో నాలుగు గుంపులనూ కలిపి పెట్టాం. సీరం గొట్టాల మీద గుర్తు సంఖ్యలు మాత్రమే. ఏ సంఖ్య ఏ ఎలుకదో చెప్పే జాబితా మార్గదర్శి సొరుగులో ఉంది. గోధుమరంగు కేంద్రకాలు లెక్కపెడుతున్నప్పుడు ఏది ఎవరిదో నాకు తెలియదు. తెలియకపోవడం ఎంత అవసరమో ఆ రాత్రులే నేర్పాయి. లేత రంగు కేంద్రకం కనబడినప్పుడు లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని చేయి ఆగేది, ఎటైనా ఒరిగే అవకాశం ఉన్న క్షణాలవి.

సంకేతాలు విప్పిన రోజు ఫలితం ఇలా ఉంది. పాత పద్ధతి ఎలైజా ప్లేటు మీద అన్నిటికంటే గాఢమైన రంగు పాత యూరియా ప్రోటీను గుంపుదే. పెంకు గుంపు దాని కంటే తక్కువ. ఆ ప్లేటు ఒక్కటే చూసి ఉంటే పాతదే మంచి టీకా అని ప్రకటించేదాన్ని. తటస్థీకరణ ప్లేటులో వరుస తలకిందులైంది. పెంకు గుంపు సీరం వైరస్‌ను గట్టిగా ఆపింది, మార్కెట్ టీకాకు దగ్గరగా వచ్చింది. పాత ప్రోటీను గుంపు ఖాళీ బ్యాక్టీరియా రసం గుంపు పక్కనే ఉండిపోయింది. ఎర ముక్క పూసిన ప్లేటులో పాత గుంపు వెలిగిపోయింది, పెంకు గుంపు మసకగా ఉంది.

తర్వాత ఎలుకలకు వైరస్ ఎక్కించాం. ఈ దశ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇది ఎక్కువ చెప్పదు. బాల్బ్-సీ ఎలుకలో ఈ వైరస్ పరిమితంగానే పెరుగుతుంది, పంది పిల్లలా ఎలుక చిక్కిపోదు. చూడగలిగింది ప్లీహంలో వైరస్ డీఎన్ఏ ఎంత ఉందన్నది మాత్రమే. పెంకు గుంపులో అది తక్కువగా ఉంది, ఒక్క ఎలుకలో తప్ప. ఆ ఎలుకలో ఖాళీ బ్యాక్టీరియా రసం గుంపుతో సమానంగా ఉంది. పాత పేజీలు తిరగేస్తే, మొదటి సూది రోజున దాని సంఖ్య పక్కన 'మందు కొంత బయటికి కారింది' అని నా చేతిరాతే ఉంది. కారణం దొరికినట్టే ఉంది. అయినా దాన్ని లెక్కలోంచి తీసేయలేదు. మందు కారిన ఎలుకను వదిలేస్తామని ప్రయోగానికి ముందు రాసుకోలేదు, ఫలితం చూశాక రాసుకునే నియమం నియమం కాదు. ఆరింటితోనే ప్రచురించాం, ఆ ఎలుక సంగతి వివరంగా రాశాం.

ఎలుకలకు మత్తు ఇచ్చి ప్రాణం తీసే రోజు జంతుశాల పెద్దాయన పక్కనే ఉన్నారు. గొట్టం ముందు పెట్టగానే అవి ఎప్పటిలాగే వాటంతట అవే ఎక్కాయి. ఆ నమ్మకాన్ని నేను మర్చిపోలేను, మర్చిపోకూడదు కూడా.

ఎలుకలో వచ్చిన ఫలితం పందిలోనూ వస్తుందని ఎవరైనా అంటే ఇప్పుడు ఒప్పుకోను. పంది మావి గుండా తల్లి యాంటీబాడీలు పిల్లకు చేరవు. పుట్టాక జున్నుపాలతో తాగుతుంది. తల్లి పంది ఈ వైరస్‌ను ఎదుర్కొన్నదైతే, ఆ పాలతో వచ్చిన యాంటీబాడీలు పిల్ల రక్తంలో వారాల తరబడి తిరుగుతూ మనం వేసిన టీకాను అడ్డుకోగలవు. మా ఎలుకలు ఈ వైరస్ ఎరుగని తల్లులకు పుట్టినవి, వాటి రక్తం ఖాళీ పలక. పైగా మందలో ఈ వైరస్ ఒంటరిగా రాదు, శ్వాసకోశ వైరస్‌లూ బ్యాక్టీరియాలూ దాని వెంట ఉంటాయి. ఎలుక నాకు ఇచ్చిన జవాబు ఒక్కటే: ఈ ప్రోటీను రూపం అసలు వైరస్‌ను ఆపే యాంటీబాడీలను పుట్టించగలదు. ఆ జవాబు లేకుండా పంది దగ్గరికి వెళ్ళకూడదు.

ఇప్పుడు పశువైద్య బృందంతో కలిసి పంది పిల్లల్లో పరీక్ష మొదలైంది. వాళ్ళకు పంపే ప్రతి విడత ప్రోటీనునూ ముందు సూక్ష్మదర్శిని కింద చూస్తున్నాను. గోళాలు తక్కువగా ఉన్న ఒక విడతను పోయిన నెల పూర్తిగా పారబోశాను. టీకాకు ముందు తీసిన పిల్లల రక్తనమూనాలు మొన్న వచ్చాయి. తల్లుల నుంచి వచ్చిన యాంటీబాడీలు ఎంత ఉన్నాయో, అవి వైరస్‌ను ఆపేవేనా కాదా తెలియాలి. ఎలైజా తర్వాత చేయవచ్చని నిన్న పొద్దున్న కణాలు పరిచి, సాయంత్రం సీరం, వైరస్ కలిపి పోశాను. డెబ్బై రెండు గంటలు పూర్తి కావడానికి ఇంకా రెండు రోజులుంది.